దుప్పి నెమరేసిన దారి

అనగనగా, వేసవి వస్తే ఎండుటాకులతో గలగలమనే ఒక అడవిలో, ఒక కుందేలూ ఒక దుప్పీ ఇరుగుపొరుగున ఉండేవారు. కుందేలు పేరు దూది. దుప్పి పేరు చుక్కి. ఇద్దరూ పసిపిల్లల తల్లులే. దూది చెవిన పడని కబురు ఆ అడవిలో లేదు.

ఒకరోజు మడుగులో ఉండే తాబేలు తాత ఇద్దరినీ పిలిచాడు.

"అమ్మాయిలూ, ఎండలు ముదిరాయి. కార్చిచ్చు పుడితే మీరు గడ్డిదారిన మడుగుకు రాలేరు. రాళ్లదారి చెబుతాను, వినండి. మోదుగు చెట్టు దగ్గర ఎడమకు తిరగాలి..."

సరిగ్గా అప్పుడే పైకొమ్మ మీద గోరింకలు తగువు మొదలుపెట్టాయి. దూది అటు తల తిప్పింది. తాత చెబుతూనే ఉన్నాడు. "చీలిన బండ సందులో దూరాలి. ఆపైన ఎండిన వాగు వెంట దిగిపోవాలి."

చుక్కి రెండు చెవులూ తాత వైపే ఉంచింది. ఇంటికి వెళ్లి, నీడన పడుకుని, మేతతో పాటు ఆ మాటలూ నెమరేసింది. "మోదుగు, బండ, వాగు." మర్నాడూ అదే పని. ఆ దుప్పి ఓర్పే ఓర్పు.

"గడ్డి నెమరేస్తారు గానీ, మాటలు కూడానా వదినా?" అని దూది నవ్వింది.

"మింగినదే కదా వదినా, నెమరుకొచ్చేది," అంది చుక్కి.

కొన్నాళ్లకు కార్చిచ్చు రానే వచ్చింది. పొగకు కళ్లు మూసుకుపోతున్నాయి. దూది పిల్లలను వెంటబెట్టుకుని పరుగెత్తింది. మోదుగు దగ్గర ఎడమకు తిరిగింది. తరవాత? ఎంత తడుముకున్నా గోరింకల తగువే గుర్తొచ్చింది. ఎవరి పుల్ల ఎవరు ఎత్తుకుపోయారో అదంతా గుర్తుంది. దారి మాత్రం లేదు. పిల్లలు దగ్గుతున్నారు.

వెనక నుంచి బిడ్డతో చుక్కి వచ్చింది.

"వదినా, నాకు దారి గుర్తులేదు. నా పిల్లలు..." అంది దూది.

"నా వెనకే రండి," అంది చుక్కి.

పక్కన కొమ్మలు విరిగిపడుతున్నాయి. కోతులు గోలపెడుతున్నాయి. చుక్కి అడుగు తడబడలేదు. బండ సందు దాటింది. వాగులోకి దిగింది. కాసేపటికి అందరి కాళ్లకూ మడుగు నీళ్లు తగిలాయి.

దూది తడిసిన పిల్లలను పొట్టకు హత్తుకుని చుక్కి వంక చూసింది. ఇంత గొప్పదాన్నా నేను ఎగతాళి చేసింది అనుకుంది.

ఒడ్డున గోరింకలు మళ్లీ తగువు మొదలుపెట్టాయి. దూది అటు చూడలేదు.

"వదినా, ఆ దారి ఇంకోసారి చెప్పు," అంది. "ఈసారి నేనూ నెమరేస్తాను."

నీతి: చెవిన పడ్డదల్లా మనసులో నిలవదు. ధ్యాస పెట్టి విని, మళ్లీ మళ్లీ తలుచుకున్నదే ఆపదలో ఆదుకుంటుంది.