రాణి పటానికి కోరలు

అనగనగా ఒక ఊళ్ళో ఒక మహారాణికి కోరలు పెట్టేశారర్రా. తప్పంతా అక్కడే జరిగింది. కోరలు వాటంతటవి మొలవలేదు, కుంచెతో పెట్టారు. ఊ కొట్టండి మరి.

ఆ ఊళ్ళో రాజుల కథలు బారెడు బారెడు గుడ్డ పటాల మీద బొమ్మలుగా వేసి, జాతరలో విప్పి, కర్రతో చూపిస్తూ చెప్పేవాళ్ళు. మహారాణులూ ఉండేవాళ్ళులే. ఏడ్చిన రాణికి కన్నీళ్ళు, ఎదిరించిన రాణికి కోరలు. ఏమీ అనని రాణికి మొహమే లేదు, మొగుడి గొడుగు కింద కాసిని చీర కుచ్చిళ్ళు, అంతే.

బొమ్మలు వేసేది నాగలింగం. కళ్ళు మాత్రం అతని కోడలు బుచ్చెమ్మ దిద్దేది. కళ్ళు దిద్దందే పటం జనం ముందు విప్పకూడదు. దిద్దాక ఇక దానికి కుంచె తగలకూడదు. అదీ వాళ్ళ కట్టుబాటు.

రాజు పోయాక సూరసానమ్మ మహారాణి తెర వెనక కూర్చుని రాజ్యం చేస్తోంది. ఆవిడ మొహం ఎవరూ చూళ్ళేదు. ఆ ఏడు చెరువు పొంగితే తూము తెరుచుకుని పంటలు మునిగాయి. తెరుచుకోకపోతే కట్ట తెగి ఊరే పోయేది. అయినా పంట పోయినవాడికి ఎవరో ఒకరు రాక్షసి కావాలి కదర్రా. ముంచింది రాణేనని, పటంలో కోరలు పెట్టమని దండనాయకుడు హుకుం వేశాడు. అది చూసి జనం కోట మీద పడితే గద్దె తనదవుతుందని ఆయన ఎత్తు. నాగలింగం భయపడి పెట్టేశాడు.

జాతర వచ్చింది. మధ్యాహ్నం డప్పు మోగేలోగా కళ్ళు దిద్దకపోతే నాగలింగం బొటనవేలు తెగుతుంది. పక్కనే భటుడు కత్తి పట్టుకుని కూర్చున్నాడు. దిద్దిందా, అబద్ధం ఏడు తరాలు నిలుస్తుంది. బుచ్చెమ్మ కుంచె ముంచింది, ఆరిపోయింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ ఆరిపోయింది. డప్పులవాడు అవతల డప్పు కాచుకుంటున్నాడు. ఊ కొడుతున్నారా, కళ్ళు మూతలు పడుతున్నాయా?

బుచ్చెమ్మ లేచి నిలబడింది. చూడని మొహానికి కళ్ళు దిద్దితే పటం విప్పినవాడి చూపు పోతుందని మా అత్తగారు చెప్పేదంది. అత్తగారు ఏనాడూ అనలేదు. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళు, ఎవరెళ్ళి అడుగుతారు? పటం విప్పేవాడు చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. రాణిని పిలవమని జనం పట్టుబట్టారు. అందరి ముందూ కాదనలేక దండనాయకుడు కోటకి కబురు పంపాడు.

రాణి నడిచే వచ్చింది, మొహం మీద కొంగుతో.

"అమ్మా, ఒక్కసారి నోరు తెరవండి," అంది బుచ్చెమ్మ.

"ఎందుకే?"

"కోరలు ఎంత పొడుగో చూసుకోవాలి తల్లీ."

భటుడి చెయ్యి కత్తి మీద బిగిసింది. రాణి బుచ్చెమ్మను చూసింది, పటాన్ని చూసింది, కొంగు తీసి నోరు తెరిచింది. కోరలు లేవు సరికదా, ముందు పళ్ళు రెండూ లేవు. ఇదుగో, అచ్చం నా నోరే.

తూము కాపలా సోమన్న ముందుకొచ్చి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. ఆనాటి వానలో తూము తాడు ముడి తడిసి బిగుసుకుపోతే, ముసుగేసుకున్న ఇల్లాలెవరో వచ్చి పళ్ళతో విప్పిందట. నెత్తురు ఉమ్మేసి మాటైనా ఆడకుండా వెళ్ళిపోయిందట. ఎవరింటి కోడలో అనుకున్నాడట. మరి దండనాయకుడు ఆ పూట ఎక్కడున్నాడని ఎవరో అడిగారు. గుర్రమెక్కి గుట్ట దాటడం చూశామని నలుగురన్నారు. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన మళ్ళీ గుర్రమెక్కేశాడు.

నాగలింగం వేలు నాగలింగానికి దక్కింది. కళ్ళింకా దిద్దలేదు గనక కోరలు చెరిపేశాడు. పళ్ళు ముత్యాల్లా వేయమంటారా అని అడిగాడు.

"ఉన్నట్టు వెయ్యి," అంది రాణి.

అందుకే చెప్పుడు మాటలకి కళ్ళు దిద్దకూడదర్రా. ఊళ్ళో అందరూ చల్లగా ఉన్నారు, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి. ఏమిటే? బుచ్చెమ్మ ఏమైందా? అత్తగారు అనని ఆ మాటని తనే నియమం చేసుకుంది. బతికున్నన్నాళ్ళూ, ఎవరు అడిగినా, తను చూడని మొహానికి కళ్ళు దిద్దలేదు.