తారు పూసిన చోటు

“పని వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది, బాబాయ్?” అని అడిగింది నేనే. పోతురాజు మేస్త్రి కొల్లేటి లంకల్లో తాటిదోనెలు చెక్కేవాడు; ఆయన దగ్గర నేను పని నేర్చుకుంటున్నాను. ఏది అడిగినా వెంటనే బదులివ్వడం ఆయనకి అలవాటు లేదు. “ముందు మరిడమ్మ దోనె ముగించు” అన్నాడు.

తాడిచెట్టుకి చేవ పైనుంటుంది, లోపలంతా మెత్తన. బాడిసతో ఆ మెత్తనంతా చెక్కేస్తే మిగిలిన డొప్పే దోనె. నా చేతి మీదుగా అయిన మొదటిది అది. లోపల చేవ నల్లగా నిగనిగలాడాలని ఒకచోట నాలుగు దెబ్బలు ఎక్కువ వేశాను. చెక్క అట్టలా పలచబడింది. నెల రోజుల పని. పారెయ్యలేక, ఆ చోట లోపలా వెలుపలా తారు పూసి ఊరుకున్నాను.

మరిడమ్మకి ఒక కాలు పడిపోయింది, ఈత రాదు. మావులనే వెదురు బుట్టలు నీళ్ళలో వేసి చేపలు పట్టుకుని బతుకుతుంది. దోనె కోసం ఆమె వచ్చిన పొద్దున మేస్త్రి దోనె వెలుపల వేలి కణుపుతో తట్టుకుంటూ నడిచాడు. తారు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

“నాంచారి చెక్కింది. ఎక్కు” అన్నాడు.

“ఆడపిల్ల చెక్కిన దోనా అని మావోళ్ళు నవ్వుతున్నారు. మునిగానంటే నీ ఇంటిమీదకొత్తాను మేస్త్రీ!”

“మునిగాక ఎట్టా వత్తావే?”

ఆమె నవ్వుతూ ఎక్కి కూర్చుని గెడ అందుకుంది. నెట్టవలసింది నేను. అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

“ఏమే, నువ్వూ వత్తావా?” అంది మరిడమ్మ.

“దిగు పిన్నీ.”

దోనెని ఒడ్డుకి లాగి తారు గీకాను. బొటనవేలితో నొక్కితే వేలు అవతలికి వచ్చింది. మరిడమ్మ ఆ కన్నాన్ని చూసింది, నన్ను చూసింది. “అయితే ఈ నెల కూడా మావుల్లేవన్నమాట” అని కాలీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు వెనక్కి తిరిగాను. పోతురాజు మేస్త్రి పంచె ఎగగట్టి, చొక్కా గట్టుమీద పడేసి, దోనె వెళ్ళవలసిన దారిలో నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

“తెలిసీ ఎందుకూరుకున్నావు, బాబాయ్?”

ఆయన ఒడ్డెక్కి, పంచె అంచు పిండుకుంటూ అన్నాడు:

“నేనాపితే, నీకు తెలిసేదెప్పుడు?”