ఏ మీద టీ

అప్పల్నర్సు టెంటు హౌసు వాళ్ళంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరు. ఈ మాట ఎవరన్నారంటారా? వాళ్ళే! అప్పల్నర్సు, పెళ్ళాం పైడితల్లి, తమ్ముడు సింహాద్రి, ముగ్గురూ పొద్దున్నే ఒకరినొకరు మెచ్చుకుంటేగానీ పళ్ళు తోముకోరు.

ఓసారి కాలేజీలో లెక్కల మాస్టారికి సన్మానం, ఏర్పాట్లు చూసుకునేదీ ఆయనే. పని బాగా చేస్తే ఏడాది పొడుగునా కాలేజీ ఫంక్షన్లన్నీ వీళ్ళకే ఇస్తానన్నారు కరస్పాండెంటుగారు. లేకపోతే దుకాణం ఎత్తెయ్యడమే, వేరే బేరాల్లేవు. మాస్టారేమో మాత్రికల, అదే, అడ్డు నిలువు వరుసల లెక్కల పిచ్చోడు. కుర్చీలెన్నో నోటితో చెప్పొచ్చు కదా? అబ్బే! చీటీ మీద "A = 10×5" అని రాసి పంపారు.

"పది పక్కన ఇంటూ కొట్టారేటి అన్నియ్యా?" అన్నాడు సింహాద్రి.

"పది తప్పని కొట్టేసి, అయిదని దిద్దుకున్నారు. మాస్టారైతే మాత్రం పొరపాటు పడరా?"

అంతే. అయిదు కుర్చీలు వేసి మీసం తిప్పాడు అప్పల్నర్సు.

మాస్టారొచ్చి నెత్తీ నోరూ కొట్టుకున్నారు. "పది వరుసలు, వరుసకి అయిదురా!" అని యాభై కుర్చీలూ వేయించారు. తీరా చూస్తే వెనకవాళ్ళకి వేదిక కనబడదు. "అడ్డు వరుసల్ని నిలువుకి తిప్పాలి. ఏ మీద టీ!" అని చీటీ మీద A నెత్తిన చిన్న T పెట్టి లోపలికెళ్ళారు.

వీళ్ళ కుర్చీలన్నిటి మీదా, ఎవరూ ఎత్తుకుపోకుండా, అప్పల్నర్సు పేరులో మొదటి అక్షరం A అని రంగుతో రాసుంటుంది. ఇంకేముంది! పైడితల్లి గుండిగెడు టీ కాచింది.

"టీ చిన్నగా రాశారు వొదినా, అర గ్లాసు చాలు," అన్నాడు సింహాద్రి.

"మరి పంచదారో?"

"రాయలేదు. వెయ్యకు."

ప్రతి కుర్చీ మీదా అర గ్లాసు పోశారు.

అది చూసి మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. "ఓరి మీ తెలివి తెల్లారా! చేసిందంతా రద్దు! ఏ ఇన్వర్సు!" అంటూ, కోపంలో లెక్కల సూత్రాలు కూడా మరిచి, చీటీ మీద A⁻¹ అని గీకి, కరస్పాండెంటుగారిని తీసుకురావడానికి ఆయనింటికి పరిగెత్తారు.

"ఏ మీద చిన్న గీత, పక్కన ఒకటి. ఒకటి తగ్గించాలన్నమాట," అన్నాడు అప్పల్నర్సు.

"కుర్చీకి తగ్గించడానికేటుంది?" అంది పైడితల్లి.

"కాళ్ళున్నాయి గదే!"

అంతే, రంపాలు ఆడాయి. కుర్చీకో కాలు లెక్కన కోసేశారు.

కరస్పాండెంటుగారు తెల్లపంచెతో వచ్చారు, కూర్చున్నారు, కుర్చీతో సహా వెల్లకిలా పడ్డారు. నలుగురు పట్టి లేపితే, టీ కారుతున్న పంచె విదిలించుకుంటూ అరిచారు: "ఇంకెప్పుడూ ఈ కాలేజీలో కాలు పెట్టకండి!"

అప్పల్నర్సు మొహం చాటంత అయింది.

"కాంట్రాక్టు మనదేరా! చూశావా, ఎంత వివరంగా చెప్పారో! కాలు పెట్టొద్దంట. రంపం తే సింహాద్రీ, కుర్చీకి ఇంకా మూడేసి ఉన్నాయి!"