నీటికుక్క తెచ్చిన చోటు

అనగనగా, ఎండాకాలం కూడా దుప్పటి కప్పుకుని వచ్చే చోట ఒక మంచు అడవి ఉండేదట. చలి మొదలవగానే అక్కడి మడుగు గట్టిపడి అద్దంలా అయిపోయేది. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని ఆ అద్దం మీద గిరగిరా తిరగడం, గాల్లోకి ఎగిరి చుట్టు చుట్టి ఒంటికాలి మీద దిగడం ఆ అడవి వాళ్ళ విద్య. వింతగా లేదూ? మనం తడి గచ్చు మీద అడుగేస్తేనే నడుం పట్టేస్తుంది!

అడవులన్నీ కలిసి జరుపుకునే పెద్ద మంచు పోటీ ఒకటి ఉండేది. దానికి నేనూ వస్తానంటే రానివ్వరు. అంతకు ముందు ఏడాది జరిగే పోటీలో ఎవరో ఒకరు బాగా ఆడి, తమ అడవికి ఒక చోటు సంపాదించాలి. తమాషా ఏమిటంటే, ఆ చోటు ఆడినవాళ్ళది కాదు, అడవిది. అందులో ఎవరిని పంపాలో అడవి పెద్దలు చెబుతారు. కానీ ఎవరిని పంపినా సరే, వాళ్ళు పొరుగు అడవికి వెళ్ళి, పొరుగువాళ్ళ ముందు ఆడి, పాసు మార్కు తెచ్చుకుని ఉండాలి. సొంత అడవిలో అయినవాళ్ళు వేసిన మార్కులు అక్కడ చెల్లవు.

తుంగ అనే నీటికుక్క ఆ చోటూ తెచ్చింది, ఆ మార్కూ తెచ్చుకుంది. ఎన్నిసార్లు పడిందో, ఎన్నిసార్లు లేచిందో! పెద్ద పోటీలో ఒక్కసారి ఆడాలి. దానికి ఉన్న కోరికంతా అదే.

అడవి స్కేటింగు సంఘానికి పెద్ద బొద్దయ్య ఎలుగుబంటి. మంచు మీద ఏనాడూ కాలు పెట్టలేదు గానీ, మంచు గురించి ఉపన్యాసం మొదలుపెడితే మంచే కరిగిపోవాలి. ఆయన శాలువా సర్దుకుని సభలో లేచాడు.

"మన అడవికి చోటు వచ్చింది. నా నాయకత్వం వల్ల వచ్చింది. అందులో మా మేనల్లుడు ముద్దులయ్య ఆడతాడు."

తుంగ లేచి నిలబడింది. "మామా, చోటు తెచ్చింది నేను కదా!"

"తెచ్చావు, సంతోషం. చోటు నీదా, అడవిదా?"

"అడవిదే."

"అడవి అంటే ఎవరు? నేను. కూర్చో అమ్మాయ్."

జడలబర్రె జడలమ్మకు ఒళ్ళు మండింది. "బాగానే ఉంది బొద్దయ్యా. మరి మీవాడికి పాసు మార్కేదీ?"

"తుంగకు వచ్చింది కదమ్మా! చోటు అడవిదైనప్పుడు మార్కు మాత్రం అడవిది కాదా?"

"కాదయ్యా! మార్కు ఎవరి కాళ్ళది వాళ్ళదే."

బొద్దయ్య మూతి ముడుచుకుని, అల్లుణ్ణి మార్కు కోసం పొరుగు అడవులకు పంపాడు.

మొదటి అడవిలో ముద్దులయ్య మంచు మీద అడుగు పెట్టాడు, కూర్చుండిపోయాడు. పాట అయిపోయేదాకా లేవలేదు. "మంచు మరీ చల్లగా ఉంది మామా" అన్నాడు ఇంటికొచ్చి. చల్లగా ఉండక మంచు పొగలు కక్కుతుందా, పిల్లలూ!

రెండో అడవిలో ఎగిరాడు. అవును, నిజంగానే ఎగిరాడు. దిగడం మాత్రం మార్కులు వేసే కొంగల ఒళ్ళో దిగాడు. "కొంగలకు నేనంటే కుళ్ళు మామా" అన్నాడు.

మూడో అడవిలో పేరు పిలిస్తే పలకలేదు. తేనె తాగి గడ్డివామిలో గుర్రు పెడుతున్నాడు. "మామా, కలలో బ్రహ్మాండంగా ఆడాను!" అన్నాడు.

మామ మురిసిపోయాడు.

పేర్లు పంపే గడువు చివరికొచ్చింది. తుంగ మళ్ళీ బొద్దయ్య గుహకు వెళ్ళింది.

"మామా, ఇప్పటికీ పేరు మార్చవచ్చు. నా మార్కు ఉంది. నన్ను పంపండి. పోనీ, ఆ చోటు మీవల్లే వచ్చిందని నేనే అందరికీ చెబుతాను."

బొద్దయ్య ఒక్క క్షణం ఆలోచించాడు.

"నిన్ను పంపితే, ముందు నేను తప్పు చేశానని అడవంతా అనుకోదూ?" అన్నాడు. "నా మాటే మాట. పేరు మార్చను."

తప్పు చేయడం కంటే తప్పు కనబడడమే ఆయనకు పెద్ద బాధ. ఇలాంటి పెద్దరికాన్ని ఏమనాలో నాకు తెలియదమ్మా!

పోటీ రోజు అడవి అడవంతా చూడ్డానికి బయలుదేరింది. మెడలో దండలతో మామా అల్లుళ్ళు ముందు నడిచారు. పోటీ మైదానం వాకిట్లో కాపలా బాతు ఆపింది.

"మీ ఆటగాడి మార్కు?"

"మార్కు లేదు. పెద్దమనిషిని, నేనున్నాను కదా!"

"మార్కు లేకపోతే మంచు మీదికి పోనివ్వం. మీ చోటు, వరసలో ఎదురుచూస్తున్న కొండ అడవికి పోయింది."

"సరే, వాడు ఆడడు. పెద్దల కుర్చీ ఎక్కడుంది, నేను కూర్చుంటాను."

బాతు ఆయన్ని కిందా మీదా చూసింది. "ఆడేవాళ్ళే లేని అడవికి పెద్దలెందుకు స్వామీ? కంచె బయట నిలబడి చూడండి."

దండలు మెడలోనే ఉన్నాయి. మామా అల్లుళ్ళు కంచె పట్టుకుని నిలబడ్డారు.

కొండ అడవి తరఫున ఆడే మానుపిల్లి పరుగు పరుగున వచ్చింది. పాపం, అప్పటికప్పుడు పిలుపొచ్చింది. తోక కూడా దువ్వుకోలేదు. ఆ కంగారులో స్కేటు పట్టీ పుటుక్కున తెగింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కంచె పక్కనే ఉన్న తుంగ చూసింది. ఆ మంచు మీద తను ఉండాల్సింది. అయినా భుజాన వేసుకొచ్చిన తన స్కేటు పట్టీ విప్పి కంచె మీదుగా అందించింది.

"కట్టుకో అక్కా. గట్టిగా కట్టుకో."

మానుపిల్లి ఆడింది. ఎగిరింది, చుట్టు చుట్టింది, పువ్వు రాలినట్టు దిగింది. అడవులన్నీ చప్పట్లు కొట్టాయి. బొద్దయ్య చటుక్కున శాలువా సర్దుకున్నాడు.

"చూశారా? ఆ పట్టీ మన అడవిదే! నా హయాంలో మన పట్టీ పెద్ద పోటీలో ఆడింది!"

తుంగ ఆయన వైపు తిరిగింది.

"అవును మామా, పట్టీ మనదే. కాళ్ళే మనవి కావు."

నీతి: కష్టపడి తెచ్చినవాళ్ళను పక్కకు నెట్టి అయినవాళ్ళకు పంచాలని చూస్తే, తెచ్చినది పరాయివాళ్ళ పాలవుతుంది, పంచినవాళ్ళు నవ్వులపాలవుతారు.