పుట్ట పక్క నుయ్యి

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, గవరయ్య అనే నువ్వుల వర్తకుడు ఉండేవాడు. ఏటి వరదకు అతని పాత ఇల్లు కొట్టుకుపోయింది. ఉన్నదంతా పెట్టి మెట్టమీద ఒక చేను కొన్నాడు. భార్య పేరిందేవితో అక్కడే పాక వేసుకుని, కొత్త ఇల్లు మొదలుపెట్టాడు.

ముందుగా ఏం చేశాడనుకున్నారు? చేనుకు తూర్పు పక్కన ఇంటికి ముగ్గు పోశాడు. ఆ ముగ్గుకు ఈశాన్య మూల చూసి, "నుయ్యి ఇక్కడే," అన్నాడు. ఈశాన్యంలో నీళ్లుంటే ఇంటికి సిరి అని పెద్దల మాట. మాట మంచిదే. కానీ ఆ మాట నేలకు ఎవరు చెప్పాలి?

కూలీలు తవ్వారు. నడుం లోతున బండ తగిలింది.

కొబ్బరికాయతో జల చూసే జోగన్నను పిలిపించాడు. అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా తిరుగుతానన్నాడు జోగన్న.

"చేనంతా ఎందుకయ్యా? ఈ మూలే తిరుగు," అన్నాడు గవరయ్య.

పాపం, జోగన్న గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాడు. తిరిగి తిరిగి కళ్లు తిరిగి, చేతిలో కాయ ఎలాగో లేచి నిలబడింది. అక్కడ తవ్వారు. మళ్లీ బండే.

మూడోసారి ఆ రెండు గోతుల మధ్య తవ్వించాడు. అక్కడ మాత్రం బండ ఊరుకుంటుందా? గునపాలు వంగిపోయాయి.

ఎండలు ముదిరాయి. దూరపు వాగు నుంచి పేరిందేవి మోసుకొచ్చే నీళ్లే తాగడానికీ, గోడల మట్టి తొక్కడానికీ. చివరికి ఆ వాగూ ఎండింది. గోడలు మోకాలెత్తున ఆగిపోయాయి.

"ఈ నేల మనకు రాసిపెట్టి లేదే. మూట సర్దు, ఎటైనా పోదాం," అన్నాడు గవరయ్య.

పేరిందేవికి దుఃఖం పొంగుకొచ్చింది. మళ్లీ ఇల్లు లేని బతుకేనా అనుకుంది. ఖాళీ బిందెతో చేనుకు అడ్డంపడి నడుస్తూ, ఒక పుట్ట దగ్గర ఆగింది. ఆమెకో అలవాటుంది, ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగందే నిద్రపట్టదు. ఆ మండుటెండలో చెదపురుగులు పుట్టకు కొత్త మట్టి వేస్తున్నాయి. వేలు పెట్టి చూసింది. తడిగా ఉంది.

"ఓ చెదలమ్మా, నువ్వూ ఇల్లే కడుతున్నావు, నేనూ ఇల్లే కడుతున్నాను. నాకు దొరకని నీళ్లు నీకెక్కడివి?"

"అడుగునుంచి తెచ్చుకుంటాం తల్లీ," అంది చెదపురుగు. "మేం ముందు నీళ్లు వెతుక్కుని, తర్వాత ఇల్లు కట్టుకుంటాం. మీరు తిరగేసి చేస్తారు."

"మీ పక్కన నుయ్యి తవ్వుకోనా?"

"తవ్వుకో. పుట్ట జోలికి రాకు. నీ దూలాల జోలికి మేమూ రాం."

పేరిందేవి పరుగున వెళ్లి మొగుడికి చెప్పింది. గవరయ్య పుట్టను చూసి గుండె పట్టుకున్నాడు.

"నైరుతిలో నుయ్యా? కొంప మునుగుతుందే."

"ఏ కొంపండీ? మనకింకా కొంపే లేదు కదా," అంది పేరిందేవి. "పుట్టకు అటుపక్క, పడమటి వైపు కొంచెం దక్షిణానికి జరిపి ఇంటికి ముగ్గు పోయండి. అప్పుడు ఈ నుయ్యి ఇంటికి ఈశాన్యంలోనే పడుతుంది."

"మరి కట్టిన గోడలు?"

"మోకాలెత్తు మట్టే కదా. నీళ్లుంటే మళ్లీ తొక్కుకుందాం."

గవరయ్య ముగ్గు బుట్ట అందుకున్నాడు.

పుట్టకు ఎడంగా తవ్వారు. రెండు నిలువుల లోతున మట్టి చెమ్మగిల్లింది. ఇంకాస్త తవ్వితే జల పడింది. మొదటి చెంబు గవరయ్యే తోడి భార్య చేతికిచ్చాడు. తాగుతూ ఆమె ఏడ్చేసింది.

గోడలు లేచాయి, కప్పు పడింది. చెదలు మాట నిలుపుకున్నాయా అంటారా? దూలాల సంగతి నాకు తెలియదు గానీ, పుట్ట జోలికి మాత్రం పేరిందేవి ఎవరినీ పోనివ్వలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేలతల్లీ అంతే పిల్లలూ: ఆజ్ఞలు వేసేవాడికి బండ చూపిస్తుంది, ముందు అడిగి తెలుసుకున్నవాడికి నీళ్లు చూపిస్తుంది.