బిందెలో మునిగిన కొర్రమీను

ఆకివీడు బజారులో తాతబ్బాయి అనే దర్జీ ఉండేవాడు. ఎదుటివాళ్లు సగం మాట చెప్పగానే "తెలుసులే" అనడం అతని జబ్బు.

"చొక్కాకి జేబు..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "తెలుసులే" అని రెండు జేబులు కుట్టేసేవాడు. పాపం, ఆ మనిషి జేబు వద్దని చెప్పబోయి ఉండేవాడు. కుట్టుపని మంచిది కాబట్టి ఊరు సర్దుకుపోయింది.

ఒక వేసవిలో అతని భార్య సీతారత్నానికి కడుపు ఆపరేషన్ అయింది. భీమవరం ఆసుపత్రిలో గంజి, బ్రెడ్డు తిని తిని ఆమెకు నోరు చచ్చిపోయింది. ముద్ద దిగక మనిషి సగమైపోయింది. ఆమెను చూస్తే తాతబ్బాయికి ఏడుపొచ్చేది.

"రేపు ఇంటికెళ్లగానే ఏం తింటావే?" అని అడిగాడు.

"కొర్రమీను పులుసు. అదైతే నాలుగు ముద్దలు తింటానండీ," అంది సీతారత్నం.

కొర్రమీను తింటే కుట్లు త్వరగా మానతాయని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. ముళ్లు తక్కువ, కండ ఎక్కువ. ప్రాణంతో ఉన్నదాన్నే కొంటారు, చచ్చినదాన్ని ఎవరూ ముట్టరు. అది దొరికేది ఆకివీడు శనివారం సంతలోనే. అదృష్టం కొద్దీ ఆ రోజు శనివారమే. తాతబ్బాయి ఆసుపత్రి నుంచి తిన్నగా సంతకు పరుగెత్తాడు.

చేపలమ్మే పేరంటాలు మోచెయ్యంత కొర్రమీనును తడి గోనెసంచిలో చుట్టి ఇచ్చింది. "తమ్ముడూ, ఇది మిగతా చేపల్లాంటిది కాదు. బకెట్లో ఏసి మీద..."

"తెలుసులే అక్కా!" అని తాతబ్బాయి వెళ్లిపోయాడు.

పెరట్లో బకెట్లో నీళ్లు పోసి, చేపను వేసి, టీ తాగడానికి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి బకెట్ ఖాళీ. కొర్రమీను పాములా మెలికలు తిరుగుతూ పెరడు దాటుతోంది.

"ఏయ్! ఆగు! ఆగు!" అంటూ వెంటపడ్డాడు. పట్టుకున్నాడు, అది జారింది. మళ్లీ పట్టుకున్నాడు, ఈసారి అతనే జారి వెల్లకిలా పడ్డాడు. కొర్రమీను మురిక్కాలవలోకి దిగి తన దారిన తాను పోయింది.

గోడ మీంచి చూస్తున్న పక్కింటి మామ్మగారు, "ఎవర్రా అబ్బాయ్, చుట్టమా? భోంచెయ్యకుండానే ఎళ్లిపోయారే!" అంది.

తాతబ్బాయి ఒంటికంటిన బురదతోనే మళ్లీ సంతకు వెళ్లాడు. పేరంటాలు నవ్వాపుకోలేకపోయింది. "అది నేల మీద కూడా పాకుద్ది తమ్ముడూ. మూత పెట్టి బరువెట్టమని చెప్పబోతే విన్నావా? ఇదే ఆఖరి చేప. ఈసారి మూత పెట్టు. కానీ బిందెలో నీళ్లు మాత్రం..."

"తెలుసులే!" అన్నాడు తాతబ్బాయి. చేపకు నీళ్లెంత ఎక్కువుంటే అంత సుఖం కదా! బిందె అంచుదాకా నింపాడు. చేపను వేసి, మూత బిగించి, దాని మీద రుబ్బురోలు పొత్రం ఎత్తిపెట్టాడు.

కొర్రమీను ఎక్కడికీ పోలేదు. తెల్లారి మూత తీస్తే పొట్ట పైకి పెట్టి తేలుతోంది. గుప్పుమని వాసన.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. ఆసుపత్రిలో తోడున్న చెల్లెలి చెయ్యి పట్టుకుని సీతారత్నం మెల్లగా దిగి, "పులుసు పొయ్యెక్కిందా?" అని ఆశగా అడిగింది.

తాతబ్బాయి తల వంచుకున్నాడు. "చేప చచ్చిపోయిందే. నీళ్లలో మునిగి."

"చేప... నీళ్లలో మునిగి చచ్చిపోయిందా?" సీతారత్నం పకపకా నవ్వి, వెంటనే కడుపు పట్టుకుంది. "అమ్మో, కుట్లు! నవ్వించకండి!"

బిందె చూశాక ఆమెకు సంగతి అర్థమైంది. "కొర్రమీనుకి మొప్పలొక్కటే చాలవండీ. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగుద్ది. అందుకే బురదలో కూడా బతుకుద్ది. మీరు అంచుదాకా నీళ్లు పోసి మూత బిగిస్తే ఊపిరెక్కడ తీసుకుద్ది? సగం బిందె నీళ్లు చాలు. చేపలమ్మినావిడ మీకు చెప్పలేదా?"

"చెప్పబోయింది," అన్నాడు తాతబ్బాయి.

సీతారత్నం మరి నవ్వలేదు. ఆ పూట చారన్నం పెడితే ఒక్క ముద్ద తిని కంచం పక్కకు నెట్టింది. "వచ్చే శనివారం దాకా ఆగాలి కదా," అని కళ్లు తుడుచుకుంది. ఆ మాటకు తాతబ్బాయి గుండె కలుక్కుమంది.

శనివారం పొద్దున్నే సంతకెళ్లి, పేరంటాలు ముందు గొంతుక్కూర్చున్నాడు. "చెప్పక్కా. మొత్తం చెప్పు."

పేరంటాలుకి అలా వినేవాడు జన్మలో దొరకలేదు. బిందెలో ఎంత నీళ్లు పోయాలో చెప్పింది. మూత దగ్గర గాలికి సందు ఎలా వదలాలో చెప్పింది. బూడిద రాసి జిగురెలా తోమాలో, తల్లీతండ్రీ కొర్రమీన్లు పిల్లల గుంపును ఎలా కాపలా కాస్తాయో చెప్పింది. ఆ ఊపులో తన అల్లుడి తాగుడు సంగతి కూడా చెప్పింది. తాతబ్బాయి కాళ్లు తిమ్మిరెక్కినా కదలకుండా అంతా విన్నాడు.

ఆ రోజు సీతారత్నం పులుసన్నం కడుపునిండా తిని, మళ్లీ వడ్డించమంది.

నీతి: ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి. సగం విని అంతా తెలుసనుకుంటే, నష్టం మనకే కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్లకు కూడా తప్పదు.