వరాలు కట్టిన మేళం

అనగనగా కొండ వాలున ఒక ఊరు. ఆ ఊళ్ళో వీణలు చేసే ఇల్లొకటి ఉండేది. ఆ ఇంటాయన వీరభద్రాచారి. ఆయనకి ఒక్కతే కూతురు, వరాలమ్మ. అందరూ వరాలు అని పిలిచేవారు.

ఆ ఊరి అమ్మవారి గుళ్ళో పొద్దున్నే మోగే వీణ ఆ ఇంటిదే. తాతల నాటి సేవ అది. పాత వీణ అరిగిపోతే కొత్తది చేసి, వసంతోత్సవం నాటి ఉదయం అమ్మవారి ఎదుట పలికించాలి. పలికిందా, సరే. అపశ్రుతి వచ్చిందా, ఆ సేవ ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ ఏడు కొత్త వీణ చెయ్యాల్సి వచ్చింది. కానీ ఏం చేస్తాం బంగారం, అంతకు ముందే వీరభద్రాచారికి పెద్ద జ్వరం వచ్చింది. ఆ జ్వరం పోతూ పోతూ ఆయన చెవుల్ని పట్టుకుపోయింది. ఆయన మాట్లాడగలడు, కానీ పక్కన ఉరుము ఉరిమినా వినపడదు.

అప్పుడు వరాలే ఉలి పట్టింది. తండ్రి పక్కన కూర్చుని చెయ్యి చూపిస్తూంటే పనస మాను తొలిచింది, నాదం నిండే గుండ్రటి కుండని నునుపు చేసింది, తీగలు బిగించింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మిగిలింది మేళం.

మేళం కట్టడమంటే ఆషామాషీ కాదు. మైనంలో మసి కలిపి, వీణ మెడ, అదే దండి, దాని మీద రెండు గట్లుగా పొయ్యాలి. దాని మీద కంచు మెట్లు ఒక్కొక్కటే అతకాలి. వేలు ఆనించి తీగ మీటి, స్వరం సరిగ్గా పలికిన చోటే మెట్టు నిలపాలి. వెంట్రుక వాసి జరిగినా పాట వంకర పోతుంది. అందులోనూ వసంతకాలం. ఎండెక్కిందంటే మైనం మెత్తబడి మెట్లు జారిపోతాయి. తెల్లారగట్ల చల్లదనంలోనే చెయ్యాలి ఆ పని.

వరాలుకి భయం వేసింది. "నువ్వు చెప్పు నాన్నా" అని సైగ చేసింది.

"నాకు వినపడనిది నేనెలా చెప్పనమ్మా?" అన్నాడు ఆయన. అని తల వంచుకున్నాడు.

అప్పుడు వరాలు ఒక ఉపాయం ఆలోచించింది. అటక మీద నాన్న చేసిన పాత వీణ ఉంది. ఊరంతా మెచ్చిన వీణ. ఒక దారం తీసుకుని ఆ వీణ మీద మెట్టు మెట్టుకీ కొలత పట్టింది. ఆ కొలతలే తన వీణ మీద పెట్టి చకచకా మెట్లు అతికేసింది. చూస్తే అచ్చం నాన్న వీణే. మీటితే మాత్రం, పాలల్లో నిమ్మరసం పడ్డట్టు విరిగింది స్వరం.

ఆ తర్వాత బాబాయి దగ్గరికి పరిగెత్తింది. బాబాయి పేరు కనకాచారి. ఆయనా వీణలు చేస్తాడు. ఆయనా ఒక వీణ సిద్ధం చేసి, పట్టుగుడ్డ కప్పి పెట్టుకున్నాడు.

"ఏమే వరాలూ, గాజుల చేతులకి వీణ మేళం కావాల్సి వచ్చిందా?" అని నవ్వాడు బాబాయి. "తీగలు ఇంకా బిగించు. గట్టిగా బిగిస్తే వంకరలన్నీ అవే అణిగిపోతాయి."

పెద్దవాడు కదా అని నమ్మింది పిచ్చిపిల్ల. ఇంటికొచ్చి తీగ బిగించే బిరడా తిప్పింది. ఇంకా తిప్పింది. ఠంగుమని తీగ తెగి చేతి మీద చురుక్కుమని కొట్టింది. ఆ అదురుకి మెట్లు కొన్ని ఊడి పడ్డాయి.

తెల్లవారితే ఉత్సవం. వరాలు దేవుడి గూటి ముందు కూలబడి, "తల్లీ, దారి చూపించు" అని ఏడ్చింది. అమ్మవారు కల్లోకేం రాలేదురా కన్నా. చెవులిచ్చింది కదా, ఇంకేమివ్వాలి?

మూడో ప్రయత్నానికి వరాలు చీకటితోనే లేచింది. స్నానం చేసింది. కొత్త తీగ కట్టింది. అతికినవన్నీ ఊడబెరికింది. దారం జోలికి పోలేదు. కళ్ళు మూసుకుని, ఉట్టి తీగని మీటి, అలా వింటూ కూర్చుంది.

అప్పుడు తెలిసింది. తన వీణలో తీగలు ఆనే చెక్క, నాన్న వీణలో దానికంటే నూలుపోగంత ఎత్తు. తీగ ఎత్తు మారితే స్వరం ఉండే చోటు మారదూ? ఇన్నాళ్ళూ నాన్న వీణని చూస్తోంది, బాబాయి మాట వింటోంది. తన వీణ ఏమంటోందో ఒక్కసారీ వినలేదు.

నాన్న మైనం కాచి ఇచ్చాడు. వరాలు మొదటి మెట్టు జరిపింది, మీటింది, మళ్ళీ జరిపింది. పలికింది! రెండోది పలికింది. ఒక్కో మెట్టుకీ ఎంతో సేపు పడుతోంది. ఇంకా కొన్ని మెట్లు ఉండగానే గుళ్ళో గంట మోగింది.

ఏం చెయ్యాలి? మిగిలినవి పాత కొలతకి అతికేస్తే క్షణంలో అయిపోతుంది. చూసేవాళ్ళకి నిండుగా ఉంటుంది. వరాలు చెయ్యి దారం దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. బోసి మేళంతోనే వీణని ఎత్తుకుంది. తండ్రి మైనం, మెట్లు, నిప్పుల కుంపటి పట్టుకుని వెంట నడిచాడు.

గుడి మండపంలో జనం కిటకిట. అమ్మవారికి వీణ వాయించే సుభద్రమ్మ గారు చాప మీద కూర్చుని ఉన్నారు. వీణని చూసి కనకాచారి పగలబడి నవ్వాడు. "పళ్ళూడిన ముసలమ్మని తెచ్చింది చూడండి! పోనీ, నా వీణ తెమ్మంటారా?"

వరాలు సుభద్రమ్మ గారికి దణ్ణం పెట్టి, "అమ్మా, ఈ మెట్లు ఇంకా తమ చోటు చెప్పలేదు. చెప్పకుండా అతికితే అబద్ధమవుతుంది. ఇక్కడే కడతాను" అంది.

ఆవిడ తూర్పు వైపు చూశారు. "ఎండ వీణ మీదికి వచ్చే లోపల కానియ్యి. వచ్చాక ఆగను."

వరాలు కూర్చుంది. ఒక మెట్టు నిలిచింది. ఇంకోటి నిలిచింది. ఎండ గుడి మెట్లెక్కి వస్తోంది. చిట్టచివరి మెట్టు దగ్గర స్వరం దొరకదే! ఇటు జరిపితే తగ్గుతోంది, అటు జరిపితే మించుతోంది. ఎండ స్తంభాల మధ్య నుంచి వీణ వైపే పాకుతోంది. అప్పుడు వీరభద్రాచారి లేచి, భుజం మీది ఉత్తరీయం విప్పి, రెండు చేతులా చాపి ఎండకి అడ్డంగా నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే కనకాచారికి దగ్గు పట్టుకుంది. ఖళ్ళు ఖళ్ళుమని ఒకటే దగ్గు.

వరాలు ఎప్పుడూ పెద్దవాళ్ళకి ఎదురు చెప్పి ఎరగదు. అలాంటిది తలెత్తి, "బాబాయ్, కాస్త ఊరుకో. నా వీణ నాకు వినపడటం లేదు" అంది.

దగ్గు ఆగిపోయింది.

వరాలు మెట్టుని గోటితో తాకీ తాకనట్టు జరిపింది. మీటింది. స్వరం లేచి, గర్భగుడిలోకి వెళ్ళి, అమ్మవారి ముందు దీపం వెలిగినట్టు నిలిచింది.

సుభద్రమ్మ గారు వీణ అందుకున్నారు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వాయించారు. ఎక్కడా వంకర లేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "అమ్మ ఒప్పుకుంది" అన్నారు.

పూజారి గారు అక్షతలు పట్టుకుని, "సేవ ఎవరి పేర చెప్పను? వీరభద్రాచారి పేరేనా?" అని అడిగారు.

వీరభద్రాచారి ఆయన పెదాలు చూసి, కూతుర్ని ముందుకి తోశాడు.

వరాలు చేతులు జోడించింది. "వరాలమ్మ చేసిన వీణ అని చెప్పండి" అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.
అమ్మవారికి వీణ పాట,
అమ్మలుకి మెత్తని పక్క.
కథ అటు, మనం ఇటు. పడుకో తల్లీ.